పెట్టుడు జుట్టు గుట్టు

మణివర్మ మహారాజుకు శత్రువుల బెంగ లేదు, కరువు బెంగ లేదు. బెంగంతా తన నెత్తి మీదే. నున్నటి బట్టతల! ఇన్నాళ్ళూ కిరీటం పరువు కాపాడుకొచ్చింది. ఇప్పుడేమో కూతురి పెళ్ళి ముంచుకొచ్చింది. కన్యాదానం వేళ కిరీటం తీసి పక్కన పెట్టి అల్లుడి కాళ్ళు కడగడం ఆ వంశంలో ఆచారం. అంతమంది చుట్టాల ముందు ఆ నెత్తి బయటపడితే ఇంకేమైనా ఉందా!

"పెట్టుడు జుట్టు చేసేవాళ్ళలో మొనగాడెవడో తేల్చాలి. వాడికి ఆస్థానంలో కొలువు" అన్నాడు రాజు.

ముసలి మంత్రినీ, నమ్మకమైన నలుగురు కొలువుకాండ్రనూ కూర్చోబెట్టుకుని, తలుపులు వేయించి, ఇద్దరు పనివాళ్ళను పిలిపించాడు.

మొదటివాడు భృంగేశ్వరుడు. పట్టు ఉత్తరీయం, మీసాలకు సంపెంగ నూనె. వస్తూనే పెట్టె తెరిచి మట్టి తలలు వరసగా పేర్చాడు. తలతలకీ ఒక జుట్టు.

"చిత్తగించండి ప్రభూ! నేను చేసిచ్చినవాటికి నకళ్ళివి. ఈ ఉంగరాల జుట్టు పొరుగు రాజుగారిది. ఈ నెరిసీ నెరవనిది వారి సేనాపతిది. ఇదిగో, ఇది తమ వియ్యంకుడిగారిదే!"

"ఆయనకూ బట్టతలేనా!" రాజు తొడ చరుచుకుని నవ్వాడు. ప్రాణం కాస్త తేలికపడింది కూడా.

రెండోవాడు సవరాల గంగులు. చేతిలో పెట్టె లేదు, సంచీ లేదు.

"నువ్వెవరికి చేశావోయ్?"

"చాలామందికే చేశాను మహారాజా. పేర్లు మాత్రం చెప్పకూడదు. గుట్టుగా చేయించుకున్నారు."

"చేస్తే కదండీ చెప్పడానికి!" అని భృంగేశ్వరుడు ఎకసెక్కమాడాడు.

రాజు మొహం చిట్లించాడు. "ఏమీ చూపించకుండా పని ఎలా ఇవ్వను? ఇక బయలుదేరు."

గంగులు కదల్లేదు. భృంగేశ్వరుడి వైపు తిరిగి వినయంగా అడిగాడు.

"అయ్యగారూ, చిన్న సందేహం. రేపు మహారాజావారికి చేశాక, ఆ నకలు ఎక్కడ పెడతారు?"

భృంగేశ్వరుడు ఛాతీ విరుచుకున్నాడు.

"ఇంకెక్కడయ్యా! అన్నిటికన్నా ముందు వరసలో!"

రాజు చెయ్యి తనకు తెలియకుండానే కిరీటం మీదికి పోయింది. ఊరూరా తిరుగుతున్న తన మట్టి తలా, దాన్ని చూసి తొడలు చరుచుకుంటున్న పొరుగు రాజులూ కళ్ళకు కట్టారు.

"ముందా పెట్టె మూసెయ్యవయ్యా!" అని కసిరాడు. "సరే గంగులూ, నీ నోరు గట్టిదే. మరి చేతి మాటేమిటి? పనితనం చూడకుండా నా నెత్తి నీకెలా అప్పగించను?"

"నిజమే మహారాజా. నేను చేసిపెట్టినవాళ్ళలో ఒక్కడున్నాడు. వాడి గుట్టు విప్పడానికి నేనెవరినీ అడగక్కర్లేదు."

అంటూనే గంగులు తన ఒత్తయిన నల్లటి జుట్టును, వెనక ముడితో సహా, రెండు చేతులా పట్టుకుని టోపీలా పైకెత్తాడు. కింద రాగి చెంబులా తళతళలాడే గుండు!

రాజు నోరు తెరిచాడు. ఆపైన పగలబడి నవ్వాడు. దగ్గరికొచ్చి ఆ జుట్టు లాగి చూశాడు, పాపిడి తీసి చూశాడు.

"ఇంతసేపు మా ఎదుటే నిలబడ్డావు, ఒక్కరికీ అనుమానం రాలేదు కదయ్యా! కొలువు నీదే!" అని తన బంగారు కంకణం తీసి గంగులు చేతికి తొడిగాడు.

ముసలి మంత్రికి కుతూహలం పుట్టింది. "ఒరేయ్ గంగులూ, ఈ గదిలో ఇంకెవరి నెత్తిన ఉందిరా నీ పని?"

నలుగురు కొలువుకాండ్రూ ఇబ్బందిగా కదిలారు. గంగులు తాపీగా జుట్టు తగిలించుకుని, ముడి సర్దుకున్నాడు.

"నా నెత్తినే ఉంది మంత్రిగారూ!"

అందరూ గొల్లుమన్నారు. ఎందుకో మరి, అందరికన్నా గట్టిగా నవ్వింది ఆ నలుగురే.