గోరింక నోట్లో జామపండు

అనగనగా ఒక అడవిలో ఒక కంప్యూటర్ ఉండేది. నవ్వకండర్రా, ఉండేది! ఎవరైనా సి అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రాం రాస్తే, దాన్ని చదివి కంప్యూటరుకు అర్థమయ్యేలా మార్చే కంపైలర్ పని ఒక గోరింకది. తప్పు కనబడితే "ఎర్రర్!" అని అరిచి ఆపేసేది. అనుమానం వస్తే "వార్నింగ్!" అని చెప్పి పోనిచ్చేది. వినడం, వినకపోవడం రాసినవాళ్ల ఇష్టం.

ఆ అడవిలోనే తుర్రు అనే కుందేలు ఉండేవాడు. నిన్నగాక మొన్న సి నేర్చుకున్నాడు. గొప్పలకు మాత్రం తక్కువ లేదు.

వాగు పొంగితే కుందేళ్ల బొరియలోకి నీళ్లొస్తాయి. అందుకని తుర్రు ఒక ప్రోగ్రాం రాశాడు. అది మొదలవగానే బొరియ తలుపు తెరుచుకుంటుంది. లోపలికెళ్లే ప్రతి కుందేలూ గుమ్మంలో పలకను తొక్కాలి. తొక్కినప్పుడల్లా లెక్క ఒకటి పెరుగుతుంది. అందరూ వచ్చారని లెక్క తేలితే తలుపు మూసుకుంటుంది.

గోరింక ప్రోగ్రాం చదివింది.

"వార్నింగ్! 'తోక' అని అంకె దాచుకునే డబ్బా ఒకటి పెట్టావు. ఎక్కడా వాడలేదు."

"ఉంటే ఉండనీ!" అన్నాడు తుర్రు.

"వార్నింగ్! ఈ ఫంక్షన్, అదే నువ్వు పని అప్పజెప్పిన ముక్క, ఒక అంకె తెస్తానంది. ఒట్టి చేతులతో వస్తోంది."

"రానీ!"

"వార్నింగ్! లెక్క డబ్బాలో ముందు సున్నా వెయ్యలేదు. అందులో పాత అంకె ఏదైనా ఉంటే?"

"ఎర్రరా?"

"కాదు."

"నడుస్తుందా?"

"నడుస్తుంది గానీ..."

గోరింక మాట పూర్తికాకముందే తుర్రు దాని నోట్లో జామపండు కుక్కాడు. ప్రోగ్రాం నడిపి చూశాడు. ఆ రోజు డబ్బా ఖాళీగానే ఉంది. లెక్క చక్కగా కుదిరింది. తుర్రు అడవంతా తిరిగి చెప్పుకున్నాడు.

ఒకనాడు కుండపోతగా వాన పడింది. వాగు పొంగింది. తుర్రు బొరియ పక్కనే ఉన్న కంప్యూటర్ దగ్గరికి పరుగెత్తి ప్రోగ్రాం నడిపాడు. కానీ పొద్దున ముళ్లపంది అదే కంప్యూటర్‌లో తన దుంపలు లెక్కపెట్టిన అంకె డబ్బాలోనే మిగిలిపోయింది. కుందేళ్ల లెక్క దానికి కలిసింది. అందరూ రాకముందే తలుపు ధన్‌మని మూసుకుంది!

బయట తుర్రు చెల్లెలు బొద్దు మిగిలిపోయింది. పాపం, అన్న కోసం ఆగిందది.

"అన్నయ్యా! నీళ్లు! నాకు భయమేస్తోంది!"

తుర్రు గోరింక వైపు తిరిగాడు. "గోరింకక్కా, కాళ్లు పట్టుకుంటాను! ఏం చెయ్యాలో చెప్పు!"

"చెప్పాను కదరా! నువ్వే నా నోరు నొక్కావు. సున్నా! ముందు సున్నా వెయ్యి!"

తుర్రు లెక్క డబ్బాలో సున్నా వేసి, ప్రోగ్రాం మళ్లీ నడిపాడు. తలుపు తెరుచుకుంది. అయితే లెక్క మళ్లీ మొదటినుంచి! పొడిగా కూర్చున్న కుందేళ్లన్నీ వానలోకి వచ్చి, మళ్లీ పలక తొక్కాల్సి వచ్చింది.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది!" అంటూ తాత తుర్రు చెవి మెలేశాడు. పలక తొక్కి లోపలికి వెళ్లాడు. బొద్దును భుజాన ఎత్తుకుని పిన్ని వెళ్లింది. బొద్దు చేత కూడా పలక తొక్కించింది. అందరికంటే చివర తుర్రు తొక్కాడు. అప్పుడు మూసుకుంది తలుపు. లోపల బొద్దును గట్టిగా పట్టుకుని తుర్రు ఏడ్చేశాడు.

వాన వెలిశాక తుర్రు మిగతా రెండు వార్నింగులూ సరిచేసుకుని, చెవులు నిక్కించి గోరింక ముందు కూర్చున్నాడు.

"ఇవాళ జామపండు తేలేదా?" అంది గోరింక.

"తెచ్చానక్కా. నువ్వు చెప్పాల్సిందంతా చెప్పాక తిందువుగాని."

నీతి: ప్రోగ్రాం నడిచిందని మురిసిపోకూడదు, పిల్లలూ. వార్నింగ్ మనల్ని ఆపదు, కాబట్టి మనమే ఆగి వినాలి.