రాజావారు సైకిలు ఆపిన వైనం

వినండి నాయనలారా, అమ్మలారా! ఆ సీతారాముల దయవల్ల కోనమర్తి సంస్థానంలో పాడికీ పంటకీ లోటు లేని రోజులవి. ఉన్న చిక్కల్లా ఒక్కటే. రాజావారు ఎక్కిన సైకిలు ఆగడం లేదు!

మద్రాసు నుంచి దిగిన సైకిలది. ఇప్పటివాటిలా కాదు. దానికి పెడళ్ళూ వెనక చక్రమూ కలిపి బిగించేశారు. చక్రం తిరిగినంతసేపూ పెడళ్ళు తిరగాల్సిందే, వాటిమీది కాళ్ళూ తిరగాల్సిందే. బ్రేకు అన్న మాటే లేదు.

రాజా ముకుంద భూపతి మొదటిరోజే కోట ముంగిట్లో పదకొండు చుట్లు తిరిగారు. మూడో చుట్టు నుంచే "ఆపండర్రా!" అని అరుస్తున్నారు. రాజావారి ఒంటిమీద చెయ్యి వేసే ధైర్యం ఎవరికుంది? దివానుగారి దగ్గర్నుంచి వంటవాడి దాకా వరసగా నిలబడి చప్పట్లు కొట్టారు. పన్నెండో చుట్టులో రాజావారు కాళ్ళు బిగబట్టారు. పెడళ్ళు ఎగరేశాయి. వెళ్ళి గడ్డివాములో పడ్డారు.

గడ్డి దులుపుకుంటూ లేచి, "దండోరా వేయించండి! శ్రీరామనవమినాడు సైకిలు మీద కోట వాలు దిగి, కల్యాణ పందిరి ముందు ఆపి, స్వామికి దణ్ణం పెట్టుకుంటాను. నాకు ఆపడం నేర్పినవాడికి ఈ బంగారు కడియం!" అన్నారు.

అశ్వశాల అధికారి భుజంగరావు మీసం దువ్వుకుంటూ ముందుకొచ్చాడు.

"ఇనప గుర్రమే కదా ప్రభూ, నేను నేర్పుతాను. అన్నట్టు, ఇక మీకు పల్లకీ ఎందుకు? ఎనిమిదిమంది బోయీలు తిని కూర్చుంటున్నారు. నవమి మర్నాడు పంపించేద్దాం."

"అదీ నిజమే," అన్నారు రాజావారు మోకాలు రుద్దుకుంటూ.

పల్లకీకి ముందు బొంగు మోసే పైడన్న ఆ మాట విన్నాడు. తాతల నాటి పని. ఎనిమిది ఇళ్ళలో పొయ్యి వెలిగేది దానివల్లే. "రామయ్యా, నువ్వే దారి చూపించు," అని మనసులో దణ్ణం పెట్టుకుని, భుజంగరావు పాఠాలు చూస్తూ కూర్చున్నాడు.

ఆయన నేర్పింది గుర్రపు విద్య. "కళ్ళెం లాగండి ప్రభూ! తొడలు బిగించండి! హో అనండి!"

రాజావారు హేండిలు రొమ్ముకేసి లాగి, తొడలు బిగించి, "హో!" అన్నారు. సైకిలు వినిపించుకోలేదు. మొదటిరోజు మల్లెపందిరిని గుద్దింది. రెండోరోజు ఆరబోసిన మిరపకాయల్లోకి దూరింది. మూడోరోజు స్వయానా భుజంగరావుగారినే పడగొట్టింది.

నవమి తెల్లవారింది. పందిరి ముందు పానకం కడవలు వరసగా పెట్టేశారు. రాజావారి మొహంలో నెత్తురు చుక్క లేదు. పైడన్న వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ప్రభూ, మీరు ఒక్కసారిగా ఆగాలని చూస్తున్నారు. పల్లకీతో వాలు దిగేటప్పుడు మేమెలా ఆపుతామో ఎప్పుడైనా చూశారా?"

"లోపల కూర్చునేవాణ్ణి, నాకేం తెలుస్తుందిరా?"

"అయితే ఇవాళ నా చోట్లోకి రండి. లోపల భుజంగరావుగారిని కూర్చోబెడదాం."

"ఆయన్నే ఎందుకు?"

"మిమ్మల్ని దిద్దే నోరు ఈ కోటలో ఎవరికీ లేదు ప్రభూ. ముందున్నది మీరని తెలియకపోతే, ఆయనకి ఉంటుంది."

రాజావారు ఫక్కున నవ్వి పైడన్న తలగుడ్డ చుట్టుకున్నారు.

రాజుగారి పల్లకీ ఎక్కమనేసరికి భుజంగరావు పూరీలా ఉబ్బిపోయాడు. బోయీల మొహాలు చూసే అలవాటు ఆయనకి ఏనాడూ లేదు. నేరుగా ఎక్కి కూర్చున్నాడు. పైడన్న పక్కన నడుస్తూ, "బాబుగారూ, ముందువాడు కొత్తవాడు. తమరే కాస్త దిద్దాలి," అన్నాడు.

వాలు మొదలైంది. వెనక బరువు తోసింది. రాజావారు బెదిరి కాళ్ళు బిగబట్టారు. ఠంగుమని భుజంగరావు తల బొంగుకి కొట్టుకుంది.

"ఎవడ్రా ముందు? గాడిదా! నడిచేవాడివి నడుస్తూ కాళ్ళు కట్టేసుకుంటావా? అడుగు చిన్నది చెయ్యి!"

రాజావారు చిన్నది చేశారు.

"మొద్దు వెధవా! తోస్తుంటే నువ్వూ కాస్త వెనక్కి ఒత్తు! ఇంకా చిన్నడుగు... ఇంకా... ఆఁ, అలాగ! ఇప్పుడు ఆగు."

పల్లకీ పువ్వులా ఆగింది.

రాజావారు తలగుడ్డ తీసి పైడన్న చేతిలో పెట్టి, మళ్ళీ కోటకి ఎక్కి, సైకిలు మీద వాలు దిగారు. పెడలు పాదాన్ని పైకి తోసినప్పుడల్లా కాస్త వెనక్కి ఒత్తారు. మళ్ళీ కాస్త. చక్రం నెమ్మదించి, నెమ్మదించి, పానకం కడవకి జానెడు దూరంలో ఆగింది. ఒక కాలు నేలకానించి, రెండు చేతులూ జోడించారు. "జై శ్రీరామ్" అని ఊరు ఊరంతా ఎలుగెత్తింది.

పరుగెత్తుకొచ్చిన భుజంగరావు కాళ్ళమీద పడ్డాడు. "ప్రభూ! నేను... వెధవా అన్నాను!"

"గాడిదా అని కూడా అన్నావు. గురువన్నాక ఆ మాత్రం అనాలి." రాజావారు కడియం తీసి, కొంటెగా పైడన్న వైపు చూశారు. "ఏరా, నువ్వేమో నేర్పలేదు. నేర్పిన నోరు ఆయనది. ఇదెవరికివ్వను?"

భుజంగరావు అప్పుడే చెయ్యి చాచేశాడు.

"ఆయనకే ఇవ్వండి ప్రభూ," అన్నాడు పైడన్న. "కాకపోతే విద్య మరిచిపోకుండా రోజూ సాధన చెయ్యాలి. గురువుగారు రోజూ పల్లకీ ఎక్కాలి. రేపు మమ్మల్ని పంపించేస్తున్నారు గనక, మోసే ఎనిమిదిమందీ కొత్తవాళ్ళే ఉంటారు."

భుజంగరావు చాచిన చెయ్యి నెత్తిమీది బొప్పి మీదికి పోయింది.

"వద్దు ప్రభూ! కడియం పైడన్నకే ఇచ్చెయ్యండి! బోయీలు ఉండాలి! ఎనిమిదిమందీ ఉండాలి!"

పందిరంతా గొల్లుమంది. రాజావారు నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటూ, "సరే, ఎనిమిదిమందీ ఉంటారు," అని ఆ కడియం పైడన్న చేతికి తొడిగారు.