చామంతి వెళ్ళి రమ్మంది

ఒకప్పుడు పేనుబంక అనే పురుగు పేరులో బంక లేదు. నువ్వుగింజంత ఒళ్ళేసుకుని మొక్క మొక్కకీ తిరిగేది. ఎక్కడైనా ఒక్క గుక్క రసం తాగి, దణ్ణం పెట్టి పోయేది. అందరూ పేనమ్మ అనేవారు.

చామంతికేమో మర్యాదంటే ప్రాణం. తుమ్మెదనైనా, గొంగళిపురుగునైనా "కూర్చోండి" అనకపోతే దానికి తోచదు. ఆ ఏడే దానికి తొలి మొగ్గ వేసింది. ఎప్పుడు విచ్చుకుంటుందా అని చామంతి ఒకటే మురిసిపోతోంది.

అలాంటప్పుడు పేనమ్మ వచ్చింది. రసం తాగి మూతి తుడుచుకుంది.

"వెళ్ళొస్తా వదినా."

"అలాగే వదినా, వెళ్ళి రా!"

పేనమ్మ పక్కనున్న చిక్కుడు పాదు దాకా వెళ్ళింది. గిర్రున తిరిగి వచ్చేసింది.

"ఏం వదినా, ఏమైనా మర్చిపోయావా?"

"భలేదానివే! నువ్వేగా వెళ్ళి రమ్మన్నావు? వెళ్ళాను, వచ్చాను."

చామంతి నాలిక్కరుచుకుంది. మాటవరసకన్నానని మొహమ్మీద చెప్పడం మర్యాదేనా? ఇంకాస్త పెద్ద మాటతో సాగనంపుదామనుకుంది.

"పిల్లాపాపలతో చల్లగా ఉండు వదినా!"

"ఉంటా వదినా. నీ మాట ఎప్పుడైనా కాదన్నానా?"

ఉంది. తెల్లారేసరికి పిల్లల్ని కంది. ఆ పిల్లలు ఒళ్ళు విరుచుకుని వాళ్ళ పిల్లల్ని కన్నారు. అందరూ మొగ్గ మెడ చుట్టూ మూగి, జుర్రుమని రసం పీల్చారు. తాగింది ఎక్కువై, తీపి పాకంలా ఆకుల మీదికి కార్చారు. అంతా బంక బంక! చీమలకైతే పిలవని పేరంటమే.

మొగ్గ తల వేలాడేసింది. "అమ్మా, రసం నా దాకా రావడం లేదే. నేనింక పువ్వునవనా?"

చామంతి గబుక్కున పేనమ్మ వైపు తిరిగింది. "వదినా, ఇక చాలు! బయల్దేరు!"

"ఉత్తి దీవెనేనా? పెద్దదానివి, అక్షింతలు కూడా వేయించు. అప్పుడు వెళ్తాం."

చామంతికి అప్పుడు నవ్వొచ్చింది. "అయ్యో, అదెంత పని!"

గాలితో కబురు పెట్టింది. ఎర్రటి వీపు మీద నల్ల చుక్కలేసుకుని అక్షింతల పురుగు వచ్చి వాలింది. పేనమ్మ భక్తిగా తల వంచింది.

"ఏ అక్షింతలమ్మా?" అడిగింది అక్షింతల పురుగు. "పెళ్ళిలో వేసేవా, బళ్ళో పంతులుగారు వేసేవా?"

"బళ్ళోవే!" అంది చామంతి.

ఇక చూడాలి! "చుట్టమై వచ్చి చూరు పట్టుకు వేలాడతావా?" గుటుక్కు! "పసిమొగ్గ నోటి దగ్గరది లాక్కుంటావా?" గుటుక్కు! తిట్టుకొకరు లోపలికి పోయారు. పేనమ్మ బతుకు జీవుడా అని ఆకు అడుగుకి దూరింది. అక్కణ్ణుంచే, "ఇన్ని అక్షింతలొద్దు వదినా!" అని అరిచింది.

మొగ్గ మెల్లగా తలెత్తింది. మెడ కాస్త వంకరైతేనేం, పువ్వయింది.

అప్పటినుంచే పేనమ్మ పేనుబంకయింది. చామంతిని ఒకసారి పట్టుకుంటే వదలదు, అక్షింతల పురుగు దాన్ని వెతుక్కుంటూ రావడమూ మానదు. చామంతి మాత్రం ఎవరినీ వెళ్ళి రమ్మనదు. ఏమడిగినా గాలిలో తలూపి ఊరుకుంటుంది. అది అవునో కాదో, పేనుబంకకి ఈనాటికీ తెలియలేదు!