కాలువలో దొరికిన పట్టు

పారేసిన గుడ్డముక్కలు ఏరి కుట్టుకుని బతికే నూకాలు శాలువా చూసి మహారాణే ముచ్చటపడి సభకు పిలిపించింది. అంతలో రాజు పక్కనున్న కొత్వాలు వీరబాహుడు లేచాడు.

"ప్రభూ, ఇది మా ఇంటి పట్టు! దొంగిలించింది!"

దొంగల చేతులు నరికించే రాజ్యమది. నూకాలు శాలువా చాచి పట్టుకుని అడిగింది. "సరిగ్గా చూడండి బాబుగారూ. ప్రతి ముక్కా తమదేనా?"

"ముమ్మాటికీ మాదే! ఈ జరీ మరెవరింటా లేదు."

"ప్రభూ, ఊరి మంచినీళ్ళ కాలువకు అడ్డంపడ్డ గుడ్డల్ని లాగి, ఉతికి ఇది కుట్టానండి. కాలువలో చెత్త పోసేవాడు దొరకడం లేదని కొత్వాలుగారు రోజూ తమకు చెబుతున్నారట కదా! ఇవాళ తనంతట తానే దొరికాడు."

సభ నిర్ఘాంతపోయింది. రాజు కొత్వాలు వైపు తిరిగాడు.

మర్నాడు మొలలోతు నీళ్ళలో దిగి పూడిక తీస్తున్న కొత్వాలును పట్నమంతా నోరెళ్ళబెట్టి చూసింది.