సాంబయ్య నోటి దాకా వచ్చిన ముద్ద

పొట్లకాయలపాలెంలో బుర్రా వారంటే మహా తెలివైనవాళ్ళు. ఈ మాట ఊళ్ళో ఇంకెవరూ అనరు, బుర్రా వాళ్ళే అంటారు. ఊళ్ళోవాళ్ళు అనకపోవడానికి కారణం కుళ్ళుబోతుతనమని కూడా వాళ్ళే అంటారు. "అందరికీ బుర్ర మెడ మీదే ఉంటది, మనకి ఇంటిపేర్లో కూడా ఉంది" అని ముసలమ్మ మంగమ్మ ఇంటికొచ్చిన వాళ్ళకల్లా చెప్పి పంపేది. ఆవిడకి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు సాంబయ్య, చిన్నవాడు నాగేశు. సాంబయ్య పెళ్ళాం వెంకాయమ్మ. నాగేశుకి ఇంకా పెళ్ళి కాలేదు. పిల్లని చూసి రమ్మని పంపితే చూసి వచ్చేశాడు, మాట్లాడమని ఎవరూ చెప్పలేదు మరి.

సాంబయ్యకి ఈ లోకంలో కావలసింది ఒక్కటే, కడుపునిండా అన్నం. పొద్దంతా చేలో వంగి లేచి, ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని కంచం ముందు కూర్చుంటే ముద్దపప్పు, ఆవకాయ, ఏదో ఒక వేపుడు, ఆఖర్న గడ్డపెరుగు ఉండాలి. ఇన్నేళ్ళుగా ఏ లోటూ లేకుండా జరిగిపోతున్నదే. పెద్ద టీవీ ఒకటి కొని, అన్నాలు తినే గదిలో గోడకి తగిలించేదాకా జరిగింది.

టీవీలో రోజూ సాయంత్రం ఒక సీరియల్. అందులో ఒక మేడ, మేడలో ఒక పొడుగాటి బల్ల, బల్ల నిండా వంటకాలు. ఇంటిల్లిపాదీ కూర్చుంటారు, వడ్డిస్తారు, ఎవరో ఒకరు ఒక మాటంటారు. అంతే, పెద్దాయన కుర్చీ వెనక్కి నెట్టి లేస్తాడు. ఆయన వెనకాల అందరూ లేస్తారు. అన్నం అన్నంలాగే ఉంటుంది. మంగమ్మ కళ్ళజోడు తుడుచుకుని మరీ చూసింది. దసరా నుంచి చూస్తున్నా ఆ ఇంట్లో ఒక్కరూ ముద్ద మింగిన పాపాన పోలేదు. అయినా అందరూ నగలేసుకుని నిగనిగలాడుతూ ఉన్నారు.

"గొప్పోళ్ళ ఇళ్ళల్లో ఇదీ పద్ధతి," అని మంగమ్మ తేల్చేసింది. "వొడ్డించుకోవాల, మాటనుకోవాల, లెయ్యాల. మనమే మోటోళ్ళం, కంచం నాకిందాకా కూర్చుంటన్నాం."

ఇంకేముంది, ఆ పూట నుంచే పద్ధతి మొదలు. వెంకాయమ్మ గుత్తివంకాయ చేసింది. సాంబయ్య అన్నం కలిపి ముద్ద చేసేసరికి నాగేశు చెయ్యి దులుపుకుని, "అన్నా, నువ్వు నన్ను మోసం చేశావు" అన్నాడు.

సాంబయ్య ముద్ద కిందికి దించాడు. "ఏందిరా నేను చేసింది?"

"అది ఇంకా తెలీదు. ముందు లెయ్."

అందరూ లేచారు. సాంబయ్య గుత్తివంకాయ వంక చూసుకుంటూ చేతులు కడుక్కున్నాడు. మర్నాడు మంగమ్మ, ఈ ఇంట్లో తన మాటకి విలువ లేదని లేచింది. ఆ రోజంతా ఆవిడ ఏ మాటా అన్నట్టు ఎవరికీ గుర్తులేదు. ఆ మర్నాడు వెంకాయమ్మ వంతు. ఎంత ఆలోచించినా ఏమనాలో తోచక, కూరలో ఉప్పు ఎక్కువైందని తన కూరని తనే తిట్టి, ఆ మాటకి తనే అలిగి లేచిపోయింది. ముందు తినేసి ఆ తర్వాత అలగొచ్చు కదా అని సాంబయ్య మెల్లిగా అడిగి చూశాడు. కడుపు నిండాక కోపం ఎట్టా వస్తదిరా పిచ్చోడా అని తల్లి కసిరింది. ఆ మాటా నిజమే అనిపించింది సాంబయ్యకి, తను కూడా బుర్రా వాడే కదా.

వదిలేసి లేచిన అన్నమంతా గేదెకి పోయేది. దాని పేరు మాలచ్చి. పప్పులూ పులుసులూ మరిగి మాలచ్చి గడ్డి వేస్తే మొహం తిప్పుకోవడం మొదలుపెట్టింది. పాలకేంద్రం ఆయన పాలు వాసన చూసి, ఇందులో ఇంగువ ఎందుకు వేశారమ్మా అని అడిగాడు. ఇక్కడ సాంబయ్య పంచె నడుం మీద నిలవక జారిపోతోంది. చేలోకి పోతే ఒక సాలు దున్నేసరికి కళ్ళు తిరిగి గట్టు మీద కూలబడేవాడు.

ఇలా ఉండగా ఆదివారం మధ్యాహ్నం టీవీలోకి ఒక డాక్టరమ్మ వచ్చింది. దేశంలో ఎంత అన్నం చెత్తకుప్పల పాలవుతోందో చెప్పి చాలా బాధపడింది. ఎంత తినగలరో అంతే వండుకోండి అంది. సాంబయ్యకి ప్రాణం లేచి వచ్చినట్టయింది. తను చాలా తినగలడు, ఆ సంగతి తనకి బాగా తెలుసు.

వెంకాయమ్మ చేట పట్టుకుని వచ్చింది. "ఎంత తినగలవయ్యా?"

"తిని చూస్తేగా తెలిసేది."

"అయితే తిను, తిన్నాక వొండుతా."

అంతే, ఇద్దరూ పొయ్యికి చెరో పక్కన కూర్చుండిపోయారు. వండందే తినలేడు, తినందే వండలేదు. పొద్దు వాలేదాకా ఆలోచించి మంగమ్మ దారి కనిపెట్టింది. ఎదురింటి పున్నారావు కొత్త ఇంట్లో ఆ పూటే గృహప్రవేశం భోజనాలు. నాగేశుని పంపిస్తే మనిషి ఎంత తినగలడో కొలుచుకుని వస్తాడు. కొలత తీయడానికి ఇంతమంది ఎందుకు, ఒకడు చాలు. సాంబయ్య తను వెళ్తానన్నాడు గాని, కొలతలు తీసే నాజూకు పనికి పెద్దోడు పనికిరాడని తల్లి ఒప్పుకోలేదు. నాగేశు వెళ్ళి, బూరెలతో సహా కొలుచుకుని, పొట్ట పట్టుకుని తిరిగి వచ్చాడు. మనిషి ఇక చాలు అన్నదాకా తినగలడని కొలత చెప్పాడు.

కొలత దొరికింది కదా. వెంకాయమ్మ గిన్నె పెట్టి, బియ్యం దోసిట్లోకి తీసుకుని, "చాలా?" అని నాగేశుని అడిగింది. నాగేశు తేన్చి, "బియ్యం మొహం చూపించమాక వదినా, చాలు" అన్నాడు. ఆమె దోసిలి మళ్ళీ బస్తాలో వదిలేసింది. ఆ పూట సాంబయ్య మంచినీళ్ళు తాగి పడుకున్నాడు.

మర్నాడు సాంబయ్య గట్టిగా పట్టుబట్టి తనే చాలు చెబుతానన్నాడు. పాపం, ఒట్టి కడుపు. వెంకాయమ్మ పోస్తోంది, "చాలా?" అంటోంది, సాంబయ్య తల అడ్డంగా తిప్పుతున్నాడు. గిన్నె అయింది. పెళ్ళిళ్ళకి తీసే డేగిసా అయింది. నీళ్ళు కాచుకునే కాగు కూడా నిండింది. బస్తా అడుగు కనపడ్డాక సాంబయ్యకే భయం వేసి చాలన్నాడు. ఇల్లంతా అన్నమే. అదంతా ఉడికి దిగేసరికి సీరియల్ వేళయింది. సాంబయ్య నెయ్యి వేసుకుని వేళ్ళు పెట్టాడో లేదో, నన్ను ఎగతాళి చెయ్యడానికే ఇంత వండారా అని మంగమ్మ లేచింది. ఈసారి ఆవిడకి నిజంగానే కోపం వచ్చింది. అందరూ లేచారు. నాగేశు బుట్టలకెత్తి మాలచ్చి ముందు పోస్తే, అది వాసన చూసి, తల విదిలించి, అవతలికి పోయి నిలబడింది. "చూశారా, మాలచ్చి కూడా పద్ధతి నేర్చింది," అని నాగేశు మురిసిపోయాడు. ఊళ్ళో కోళ్ళన్నీ వచ్చి బుర్రా వారి పెరట్లోనే కాపరం పెట్టాయి.

మళ్ళీ ఆదివారం డాక్టరమ్మ మళ్ళీ వచ్చింది. ప్రతి మెతుకు వెనకా రైతు చెమట ఉంది, కంచంలో మెతుకు మిగల్చకండి అంది. రైతంటే తనే కదా అని సాంబయ్య ఒక మెతుకు తీసి, తిప్పి, వెనక చూశాడు. చెమట లేదు. ఇంకోటి తిప్పాడు. మెతుక్కి ఏది ముందో ఏది వెనకో తేలక తల్లిని అడిగాడు. మంగమ్మ, వెంకాయమ్మ, నాగేశు కూడా వచ్చి చుట్టూ కూర్చుని తలా కొన్ని మెతుకులు తిప్పారు. ఎవరికీ చుక్క కనపడలేదు. ఇది నీ చేలోది కాదేమో అని మంగమ్మ, నువ్వు సరిగ్గా పని చెయ్యలేదేమో అని వెంకాయమ్మ. ఆ మాటకి సాంబయ్య నిజంగానే మనసు కష్టపెట్టుకున్నాడు. తేల్చుకునేలోగా లేవాల్సిన వేళయింది.

ఇప్పుడొక చిక్కు వచ్చింది. సీరియల్ వాళ్ళు లేవమంటున్నారు, డాక్టరమ్మ మిగల్చొద్దంటోంది. ఇద్దరూ పెద్దవాళ్ళే, ఎవరి మాట కాదనాలి? మంగమ్మకి తెలివి ఊరికే లేదు. లేచే ముందు ఎవరి కంచం వాళ్ళు కుడితి గోలెంలో బోర్లించి రావాలని చెప్పింది. అప్పుడు కంచంలో మెతుకు ఉండదు, పద్ధతీ తప్పదు. అంతే, బుర్రా వారి కంచాలు తోమకుండానే అద్దాల్లా మెరవడం మొదలుపెట్టాయి. పున్నారావు ఎదురింటి అరుగు మీద కూర్చుని ఇదంతా చూసి, నవ్వు ఆపుకోలేక లోపలికి పోయేవాడు.

కొన్నాళ్ళకి అన్నం పారెయ్యని ఇళ్ళని చూపించే కార్యక్రమం కోసం టీవీ వాళ్ళు వ్యాను వేసుకుని ఊరూరా తిరుగుతూ పొట్లకాయలపాలెం వచ్చారు. అలాంటి ఇల్లు ఈ ఊళ్ళో ఉందా అని పున్నారావునే అడిగారు. పున్నారావు మొహం గంభీరంగా పెట్టి వేలు ఎదురింటికి చూపించాడు.

టీవీ ఆయన కంచాలు చూసి ముచ్చటపడ్డాడు. నలుగురినీ కూర్చోబెట్టాడు. కెమెరా ఉన్న సంగతి మర్చిపోండి, ఎప్పటిలాగే ఉండండి అన్నాడు. నాగేశు కాస్త కష్టపడి మర్చిపోయి, తడి తువ్వాలు తీసుకెళ్ళి దాని మీద ఆరేశాడు. టీవీ ఆయన ఓపికగల మనిషి. తువ్వాలు తీయించి, సాంబయ్య ముందు నిండుగా వడ్డించమన్నాడు. ముద్ద కలిపి, నోటి దగ్గరికి తెచ్చి ఆపాలి, నేను చెప్పేదాకా నోట్లో పెట్టుకోకూడదు అని చెప్పాడు. సాంబయ్య ఆపాడు. చక్కగా వచ్చిందని ఆయన సంబరపడ్డాడు, సామాను సర్దించాడు, దణ్ణం పెట్టాడు, వ్యాను ఎక్కి వెళ్ళిపోయాడు. తినమని మాత్రం చెప్పలేదు.

సాంబయ్య ముద్ద పట్టుకుని అలాగే కూర్చున్నాడు. చెయ్యి లాగేస్తోంది, నోట్లో నీళ్ళూరుతున్నాయి. పెట్టేసుకుంటానన్నాడు. మాట ఇచ్చి తప్పుతావా అంది తల్లి. నాగేశు సైకిలెక్కి వ్యాను వెనక పడ్డాడు. రైలు గేటు దగ్గర పట్టుకుని, మా అన్న ముద్ద నోట్లో పెట్టుకోవచ్చా అని అడిగి, చెమటలు కక్కుతూ తిరిగొచ్చాడు.

"పెట్టుకోమన్నాడు."

సాంబయ్య ఆ ముద్ద మింగి, ఆత్రంగా రెండో ముద్ద కలపబోయాడు. నాగేశు చెయ్యి పట్టుకున్నాడు. "ఆ ముద్ద సంగతే నేనడిగింది. మిగతా కంచం గురించి అడగలా." వ్యాను అప్పటికే గేటు దాటిపోయింది. ఇక చేసేదేముంది, కంచం మాలచ్చి దగ్గరికి పోయింది. ఆ సాయంత్రం సాంబయ్య పెరట్లో కూర్చుని, చిన్నపిల్లాడిలా మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చాడు. వెంకాయమ్మ చూసింది. ఎంత బుర్రా వారి కోడలైనా కట్టుకున్న మొగుడు కదా, ఆమెకి కడుపు తరుక్కుపోయింది.

ఆదివారం మధ్యాహ్నం ఆ కార్యక్రమం టీవీలో వస్తుందని కబురొచ్చింది. వెంకాయమ్మ తెల్లవారకముందే పొయ్యి వెలిగించింది. గుత్తివంకాయ, ముద్దపప్పు, గోంగూర, దొండకాయ వేపుడు చేసింది. తోడుపెట్టిన పెరుగు గరిటె దిగనంత గట్టిగా ఉంది. వడ్డించి, కొంగు బిగించి, అత్తకీ మరిదికీ గట్టిగా చెప్పింది: "ఈ పూట ఎవురూ అలగొద్దు, ఎవురూ లెయ్యొద్దు. ఆయన తినిందాకా ఎవురూ నోరెత్తొద్దు." ఇద్దరూ నోళ్ళకి చేతులు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. సాంబయ్య నమ్మకం కుదరక అటూ ఇటూ చూశాడు. ఎవరూ ఏమీ అనలేదు. పప్పులో నెయ్యి వేసుకుని, ఆవకాయ నంజుకోను పక్కన పెట్టుకుని, పెద్ద ముద్ద చేసి పైకెత్తాడు.

సరిగ్గా అప్పుడే టీవీలో సాంబయ్య కనపడ్డాడు. బక్కచిక్కి ఉన్నాడు. అన్నం కలిపాడు. ముద్ద పైకి లేచింది, నోటి దాకా వచ్చింది, అక్కడ ఆగిపోయింది. ఎవరిదో గొంతు అన్నం విలువ గురించి చెప్పుకుపోతోంది. ముద్ద మాత్రం కదలదు.

ఇక్కడ సాంబయ్య చేతిలో ముద్ద కూడా ఆగింది. ఆకలంటే ఏమిటో ఆయనకి తెలిసినంతగా ఎవరికి తెలుసు? "పాపం, ఆడికి తినమని ఎవురూ చెప్పినట్టు లేదే," అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ముద్ద కంచంలో పెట్టేసి, కంచం ఎత్తి టీవీ కింద పీట మీద పెట్టాడు. "తిను నాయనా, మొగమాటపడమాక. నేను ఇంటోణ్ణి, నాకు ఎప్పుడూ ఉండేదే."

టీవీలో సాంబయ్య కంచం వంక కన్నెత్తి చూడలేదు. కాసేపటికి ఆయన పోయి సబ్బు ప్రకటన వచ్చింది. ఇంట్లో సాంబయ్య చేతులు కట్టుకుని ఎదురుచూశాడు. పప్పు మీద నెయ్యి పేరుకుంది, ఈగలు చేరాయి. కార్యక్రమం అయిపోయింది గాని మనిషి తిరిగి రాలేదు. పుట్టి బుద్ధెరిగి ఎవరినీ ఒక్క మాట అననివాడికి ఆ రోజు ఒళ్ళు మండిపోయింది.

"చూశావటే? పంచభక్ష్యాలు పెడితే ముట్టుకోకుండా పోయాడు. ఇట్టాంటోళ్ళ వల్లే దేశంలో అన్నం తగలబడిపోయేది." కంచం తనే తీసుకెళ్ళి మాలచ్చి ముందు బోర్లించి వచ్చాడు. "ఇదిగో వెంకాయమ్మా, చెబుతున్నా. ఆ మొహం ఉన్నోణ్ణి మళ్ళీ ఈ ఇంట్లో అన్నానికి పిలిచావంటే ఊరుకోను."

తెల్లవారుజాము నుంచి పొయ్యి దగ్గర మాడిన మనిషి, వెంకాయమ్మకీ కోపంగానే ఉంది. చచ్చినా పిలవనని ఒట్టేసింది.

సాయంత్రం వంట దింపి అత్తని పిలిచింది, మరిదిని పిలిచింది. సాంబయ్య కాళ్ళు కడుక్కుని, భుజాన తువ్వాలు వేసుకుని, పిలుపు కోసం అరుగు మీద కూర్చుని ఉన్నాడు. వెంకాయమ్మ దీపం పట్టుకుని గడప దాకా వచ్చింది. ఆయన మొహం మీదికి దీపం ఎత్తి ఒకసారి తేరిపార చూసింది. సందేహం లేదు, వాడే. లోపలికి పోయి తలుపు గడియ పెట్టుకుంది.