వానకన్నె తెర

సంహితతో మృదులకు వచ్చిన చిక్కల్లా ఒక్కటే. తెర ఉన్నంతసేపూ ఆ పిల్ల హాయిగా ఆడుతుంది. తెర దించారా, ఉన్నచోట నిలబడిపోతుంది.

కూచిపూడిలో పాత్ర రంగం మీదికి ఊరికే నడిచి వచ్చెయ్యదు. ముందు ఇద్దరు మనుషులు చెరో కొస పట్టుకుని ఒక తెర నిలబెడతారు. కింద పాదాలు కనిపిస్తుంటాయి, గజ్జెలు వినిపిస్తుంటాయి, మనిషి మాత్రం కనిపించదు. జనాన్ని ఊరించి ఊరించి, పాటలో సరైన చోట తెర దించుతారు. అప్పుడు ముఖం కనిపిస్తుంది. సభ అంతసేపూ కాచుకుని కూర్చునేది దానికోసమే.

సంహితకు పదిహేనో ఏడు. ఆటిజం ఉన్న పిల్ల. మాట్లాడేది తక్కువ, మాట్లాడితే చివరి మాట రెండోసారి కూడా అంటుంది. ఒకరి కళ్ళలోకి చూడమంటే ఆమెకు మిట్టమధ్యాహ్నపు ఎండలోకి చూడమన్నట్టే. తల్లి రత్నకుమారి బందరులో నరహరి మాస్టారి నాట్యశాలకు తీసుకొచ్చిన కొత్తలో, పాఠం అయ్యేదాకా గోడవైపు తిరిగి కూర్చునేది. ఒకనాడు ఉతికిన తెరను ఎవరో వరండాలో తీగ మీద ఆరేశారు. సంహిత లేచి దాని చాటుకు వెళ్ళి ఆడడం మొదలుపెట్టింది. కొన్ని మాస్టారు నేర్పిన అడుగులు, కొన్ని తన సొంతం. మాస్టారు ఆనాటి పాఠం అక్కడితో ఆపేసి, పిల్లలందరితో పాటు తానూ కూర్చుని చూశారు.

ఆ ఏడాది వార్షికోత్సవంలో ఆమెకు వానకన్నె పాత్ర ఇచ్చారు. ఎండలకు మాడిపోయిన ఊళ్ళోకి తొలకరి అడుగుపెట్టడం, అంతే పాత్ర. నేర్పించే పని మృదులకు అప్పగించారు.

మృదుల మాస్టారి శిష్యుల్లో పెద్దది. పని వచ్చిన మనిషే. ఆ సంగతి ఎవరైనా మరిచిపోతారేమోనని అప్పుడప్పుడూ గుర్తుచేస్తూ ఉండేది కూడా. వానకన్నె తరవాత సభలో ఆమె సొంత అంశం ఉంది. విజయవాడ నుంచి పెద్దవాళ్ళు వస్తున్నారని, దానికోసం ఏడాదిగా ఒళ్ళు వంచి సాధన చేస్తోంది. ఈ చిన్న పాత్రదేముంది, నాలుగు రోజుల్లో నేర్పించి పక్కన పెట్టెయ్యొచ్చనుకుంది.

తెరను కొంచెం కొంచెంగా దించి చూసింది. పల్చటి తెర కట్టి చూసింది. బుజ్జగించింది, బిస్కెట్లు ఆశపెట్టింది. సంతోషం పట్టలేనప్పుడు సంహిత చేతులు పైకెత్తి వేళ్ళు గబగబా ఆడిస్తుంది. "అది ముద్ర కాదు కన్నా, వేళ్ళు బిగించు" అని ఆ వేళ్ళు పట్టుకుని సరిచేసింది. చివరికి ఒకరోజు విసుగెత్తి, చెప్పాపెట్టకుండా తెర వదిలేసింది.

సంహిత చెవులు మూసుకుని బల్ల కిందికి దూరింది. చీకటి పడేదాకా బయటికి రాలేదు.

రత్నకుమారి పోట్లాడలేదు. గజ్జెలు సంచిలో సర్దుకుంటూ, "రేపటినుంచి తీసుకురావద్దంటారా మృదుల గారూ?" అని అడిగింది. "మీరు వద్దంటే మానేస్తాంలెండి. కాకపోతే ఈమధ్య పొద్దున్నే నవ్వుకుంటూ లేస్తోంది. మా అమ్మాయిని అలా ఇంతకుముందెప్పుడూ చూడలేదండీ నేను."

తప్పు తనదని మృదులకు తెలుస్తూనే ఉంది, ఒప్పుకోవడానికే మనసు రాలేదు. నేరుగా మాస్టారి దగ్గరికి వెళ్ళింది. ఆయన చింతపండు పెట్టి కంచు తాళాలు తోముకుంటున్నారు.

"మాస్టారూ, సంహితను ఈసారికి ఆపేద్దామండీ."

"ఎందుకమ్మా?"

"తెర దించితే ఆడదు."

"దించకపోతే?"

"ఆడుతుంది. బాగానే ఆడుతుంది. అలాగని వచ్చినవాళ్ళకు తెరగుడ్డ చూపించి పంపిస్తామా? ఎప్పుడో ఒకప్పుడు దించాలి కదండీ."

మాస్టారు తాళాలు పొడిగుడ్డతో తుడిచి, ఒకసారి మోగించి చూసుకున్నారు.

"ఆ రోజు తెర నువ్వు పట్టుకో. రెండో కొస వాళ్ళమ్మ పట్టుకుంటుంది."

మృదుల ముఖం చిన్నబోయింది. తెర పట్టడం కొత్తగా చేరిన పిల్లల పని. నిండుగా వేషం కట్టుకుని, అంతమంది ఎదుట తెర పట్టుకుని నిలబడాలా? అయినా మాస్టారి మాటకు ఎదురు చెప్పడం ఆమెకు అలవాటు లేదు.

"ఎప్పుడు దించమంటారు?"

"పట్టుకున్నవాళ్ళకు తెలుస్తుందిలే."

సభ రోజున టౌన్‌హాలు నిండిపోయింది. పాపకు గట్టి చప్పుళ్ళు పడవు, చప్పట్లు వద్దని మాస్టారు ముందే అందరినీ బతిమాలుకున్నారు. తాళాల మోత ఒక్కటి మాత్రం సంహితకు ఇష్టం. మృదుల పూలజడతో, కాళ్ళకు గజ్జెలతో, తెర కొస పట్టుకుని నిలబడింది. అటువైపు కొస రత్నకుమారి పట్టుకుంది.

మాస్టారు పాట అందుకున్నారు. తెర కింద సంహిత పాదాలు కదిలాయి.

మృదుల ముందువరసలో కూర్చున్న విజయవాడ పెద్దల వంక ఓరగా చూసింది, వాళ్ళు తననే చూస్తున్నారేమోనని. వాళ్ళు చూడడం లేదు. వాళ్ళ చూపులు తెర పైఅంచున ఆగిపోయాయి. ఏముందా అని ఆమె కూడా తల తిప్పింది. అంచుకు పైన సంహిత పదివేళ్ళూ లేచి, చిన్నగా, ఎడతెరిపి లేకుండా ఆడుతున్నాయి. తను పట్టుకుని సరిచేసిన వేళ్ళే. అంత అచ్చంగా వాన కురవడం ఆమె ఇంతవరకూ ఏ రంగం మీదా చూడలేదు.

ఆ వేళ్ళ కింద సంహిత ముఖం ఉంది. తెర పట్టుకున్నవాళ్ళకు తప్ప ఇంకెవరికీ కనిపించని ముఖం. ఆ కళ్ళు ఎవరినీ చూడడం లేదు. ఫ్యాను గాలికి ఉబ్బుతున్న గుడ్డనే చూస్తూ, దానితోనే ఆడుతూ, నోరంతా నవ్వుతోంది.

'వచ్చెనదిగో వానకన్నె' అన్న చోటు వచ్చింది. తెర దించే చోటు అదే. ఎన్నో ఏళ్ళ అలవాటు కదా, మృదుల చెయ్యి దానంతటదే కిందికి దిగింది. జానెడు తెర జారింది. పాదాలు ఆగిపోయాయి. మృదుల గభాలున తెర పైకెత్తింది, ముందుకంటే ఇంకాస్త పైకే. మాస్టారు ఏమీ ఎరగనట్టు ఆ ముక్కే మళ్ళీ పాడారు. పాదాలు మళ్ళీ కదిలాయి.

అప్పుడు సంహిత నడక మొదలుపెట్టింది. అది ఎవరూ నేర్పింది కాదు. రంగం ఆ మూలనుంచి ఈ మూలకు, ఈ మూలనుంచి మధ్యకు, తనకు తోచినట్టు పోతోంది. ఆమె వెంట తెర కూడా పోవాలి కదా మరి. పట్టుకున్న ఇద్దరూ పరుగులాంటి నడకతో వెంటపడ్డారు. మృదుల కాళ్ళ గజ్జెలు మోగాయి. అవి మోగాక కాలు ఊరుకోదు, లయలో పడింది. రత్నకుమారికి అడుగూ రాదు, లయా రాదు. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, ఏడుస్తోందో నవ్వుతోందో తనకే తెలియకుండా తిరుగుతోంది. చప్పట్లు వద్దన్నారు కనుక జనం నవ్వులు నొక్కుకుంటూ, తలలూపుతూ, తొడల మీద మెల్లగా తాళం వేసుకుంటున్నారు.

పాట అయిపోయింది. సంహిత ఆగలేదు. మృదంగం వాయించే ఆయన మాస్టారి వంక చూశాడు. మాస్టారు మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నారు.

తెర లోపలినుంచి ఒక చెయ్యి వచ్చి మృదుల మోచెయ్యి పట్టుకుంది.

"అక్కా, లోపలికి రా" అంది సంహిత, మృదుల గాజుల వంక చూస్తూ. "రా."

మృదుల చేతిలో తెర ఉంది. ఎదురుగా విజయవాడ పెద్దలున్నారు. వాళ్ళకు చూపించడానికి అద్దం ముందు కూర్చుని పొద్దుటినుంచీ దిద్దుకున్న ముఖమూ ఉంది. ఆమె మాస్టారి వైపు చూసింది. ఆయన అప్పటికే తాళాలు చాప మీద పెట్టేసి, పాట మానకుండానే లేచి వస్తున్నారు. వచ్చి ఆమె చేతిలోంచి తెర కొస అందుకున్నారు.

మృదుల తెర చాటుకు వెళ్ళింది.

సభకు ఇప్పుడు తెర కింద నాలుగు పాదాలు కనిపిస్తున్నాయి. పైన ఆడుతున్న వేళ్ళలో ఏవి ఎవరివో చెప్పడం కష్టం. లోపలినుంచి ఇద్దరి నవ్వులు వినిపిస్తున్నాయి.

అంత ఆనందంలోనూ రత్నకుమారికి మొహమాటం పుట్టుకొచ్చింది. "మాస్టారూ, మృదుల గారి అంశానికి ఆలస్యమైపోతోందేమోనండీ" అని గుసగుసగా అంది.

మాస్టారు చరణానికీ చరణానికీ మధ్య ఊపిరి తీసుకుని, తెర కాస్త ఎత్తి పట్టుకున్నారు.

"అదే నడుస్తోందమ్మా" అన్నారు.