గచ్చులో పాతిన దివిటీలు

దివిటీల చరిత్ర రాసేవాడు దివిటీ పట్టినవాడి గురించి కూడా రాయాలా అని త్రివిక్రముడు తన గురువు సోమయాజులుగారిని అడిగాడు. సోమయాజులుగారు వాదించే మనిషి కారు. శిష్యుడి ప్రశ్నను చేతిలో పని ఆపకుండా వినేవారు. వీలు దొరికితే అతన్ని దాని దగ్గరికి నడిపించేవారు, దొరక్కపోతే ఊరుకునేవారు. ఆ ఉదయం మాత్రం ఎదురడిగారు.

"రాయకపోతే ఏమవుతుంది?"

"ఏముందండీ, గ్రంథం కాస్త చిన్నదవుతుంది," అన్నాడు త్రివిక్రముడు ధీమాగా.

ఆ ధీమాకు కారణం ఉంది. సంస్థానం దొరవారు కోటకు దూరంగా, కాలవ పక్కన కొత్త ఉద్యానం వేయించారు. పూర్వపు రాజులు తోటల్లో దివిటీలు ఎలా నిలిపేవారో తేల్చమని త్రివిక్రముణ్ణి కోరారు. అతను తాళపత్రాలు తిరగేశాడు, పాడుబడిన మండపాలు తిరిగాడు. ఒక గోడమీద జలక్రీడ శిల్పం దొరికింది. కొలను చుట్టూ స్తంభాలమీద దివిటీలున్నాయి, పక్కన మనుషులు లేరు. అసలు ఆచారం స్తంభాలదేననీ, మోసేవాళ్లు తర్వాతి కాలపు లేమివల్ల వచ్చినవారనీ నిర్ణయించి రాశాడు. ఆ శిల్పం నిజంగా ఉన్న తోటను చూపిస్తోందా, చేయించినవాడి ముచ్చటను చూపిస్తోందా అని గురువుగారు అప్పట్లోనే సందేహించారు. త్రివిక్రముడికి అది వయసు మీదపడ్డ చాదస్తంలా తోచింది.

దొరవారికి ఆ నిర్ణయం బాగా నచ్చింది. కమ్మరులచేత తామరపూల ఆకారంలో ఇనపగిన్నెలు చేయించి, వాటి కాడలను గచ్చులో పాతించారు. తరతరాలుగా దివిటీలు పట్టే హక్కున్న చాకలి కుటుంబాలను ఇక రావద్దన్నారు. వాళ్ల పెద్ద పోలయ్య ఆఖరిసారి దణ్ణం పెట్టుకోవడానికి వచ్చి, ఒక్కో గిన్నె చుట్టూ తిరిగి చూశాడు.

"బాగున్నాయి బాబయ్యా. ఇవి దగ్గవు, కూలబడవు. విందులో మాకు పులుసు మిగల్లేదని సణగవు."

త్రివిక్రముడు నవ్వాడు. పోలయ్య నవ్వకుండానే వెళ్లిపోయాడు.

త్రివిక్రముడు ఆ ప్రశ్న అడిగిన రోజు సాయంత్రమే తోటలో తొలి విందు. చీకటి పడుతూనే గిన్నెలన్నీ వెలిగించారు. నూనెమంటలు నిటారుగా లేచాయి. వచ్చినవాళ్ల పట్టుబట్టలు, నౌకర్లకు ఆ పూటకని కట్టించిన పట్టుబట్టలు తళతళలాడాయి. లాంతర్లు ఉంటే ఆ అందం చెడుతుందని దొరవారు వాటిని ముందే కోటకు పంపించేశారు. సోమయాజులుగారు పాత నూలు ఉత్తరీయం కప్పుకుని ఒక అంచున కూర్చున్నారు.

దొరవారి తల్లి పెద్దదొరసానికి చూపు మందగించింది, జ్ఞాపకమూ జారిపోతోంది. ఆవిడ తడుముకుంటూ వచ్చి త్రివిక్రముడి చెయ్యి పట్టుకుంది.

"కళ్లు మండిపోతున్నాయి నాయనా. నన్ను కాస్త చీకటి పక్కకి తీసుకుపో."

"ఇదిగో వస్తున్నానమ్మా," అని అతను ఆ చేతిని మెల్లగా విడిపించుకున్నాడు. అతిథులు తామరరేకుల గురించి అడుగుతున్నారు. అతను చెబుతూ ఉండిపోయాడు.

కాసేపటికి దాసి కేక వినిపించింది. "పెద్దమ్మగారు కనబడటం లేదు!"

తోటంతా వెతికారు. ఎక్కడా లేదు. తోట దాటితే చీకటే, ఆపైన కాలవ.

"దివిటీ తీసుకురండ్రా!" అని దొరవారు అరిచారు.

నౌకర్లు ఇనపకాడలను వాటేసుకుని లాగారు. గచ్చు కదల్లేదు. ఒకడి అరచేతులు కమిలిపోయాయి. లాంతర్ల కోసం ఒకణ్ణి కోటకు పరిగెత్తించారు. ముందురోజు కురిసిన వానకు తోటలో దొరికిన పుల్లలన్నీ తడిసి ఉన్నాయి. ఒక అతిథి తన జరీ పట్టు ఉత్తరీయాన్ని కర్రకు చుట్టి నూనెలో ముంచి వెలిగించాడు. పట్టు చిటపటలాడి, ముడుచుకుని, వెంట్రుకలు కాలిన కంపుతో ఆరిపోయింది.

"నూలుబట్ట కట్టుకొచ్చినవాడు ఒక్కడూ లేడటయ్యా?" అన్నాడు అతను, తన పక్కవాళ్లను చూస్తూ.

సోమయాజులుగారు లేచారు. ఉత్తరీయం చించి, చేతికర్ర కొసకు బిగించి చుట్టారు. గిన్నెలో ముంచి, అంటించి, త్రివిక్రముడి చేతికిచ్చారు.

"పద."

త్రివిక్రముడు ముందు నడిచాడు, గురువుగారు వెనక. కాగుతున్న నూనెచుక్కలు మణికట్టు మీద పడుతుంటే కర్రను వంచకుండా పట్టడం అతనికి చేతకాలేదు. వంచినప్పుడల్లా మంట తగ్గి, దారి మాయమయ్యేది. వెనక అడుగుల చప్పుడు కోసం చెవి ఒగ్గాడు. గురువుగారివి తప్ప ఎవరివీ వినిపించలేదు. పాముల భయమో, వెలుగు వదలలేకపోయారో, మిగిలినవాళ్లంతా తోటలోనే నిలబడి పిలుస్తున్నారు.

పెద్దదొరసాని కాలవమెట్ల దగ్గర దొరికింది. నీళ్లు మోకాలి లోతు కూడా లేవు. బోర్లా పడి ఉంది. ఇద్దరూ ఆవిడను పైకి చేర్చి వెల్లకిలా పడుకోబెట్టారు. గురువుగారు మెడదగ్గర వేళ్లు పెట్టి చాలాసేపు నాడి వెతికారు. ఆ తర్వాత తడిసిన చీరకొంగును ఆవిడ భుజం మీదికి సర్దారు.

త్రివిక్రముడు తల తిప్పాడు. అక్కడి నుంచి చూస్తే తోట ఎంతో అందంగా ఉంది. మంటల వరస కాలవనీళ్లలో కూడా వెలుగుతోంది. ఆ వెలుగులో ఒక్క పిసరు కూడా వాళ్లున్న మెట్టు దాకా రాలేదు.

"అమ్మా!" దొరవారి గొంతు అక్కడి నుంచే, నిలబడ్డ చోటి నుంచే వినిపిస్తోంది. "అమ్మా, ఎక్కడున్నావే!"

త్రివిక్రముడు చెయ్యి దించేశాడు. మంట కిందికి వాలింది.

"నన్ను అడిగిందండీ ఆవిడ. చెయ్యి పట్టుకుని మరీ అడిగింది. గురువుగారూ, నేను రాసింది తప్పు," అన్నాడు.

సోమయాజులుగారు అతని మోచేతి కింద చెయ్యి ఆనించి, దివిటీని మళ్లీ పైకెత్తించారు.

"చెయ్యి దించకు, త్రివిక్రమా. ఆవిడ కొడుకు ఇంకా రాలేదు."